నీరు పల్లమెరుగు

“ఆ చక్రం మీంచి చెయ్యి తీయండి ఇంజనీరు గారూ,” అంది ప్లానమ్మ.

ఇంజనీరు తియ్యలేదు. షట్టర్ గది రేకుల మీద వాన చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. పొద్దున పట్టిన వాన, మధ్యాహ్నం దాటినా తెరిపి ఇవ్వలేదు. కిటికీ అవతల కొత్త ఊరి ఆటమైదానం చెరువైపోయింది. గోల్ స్తంభాల పై కడ్డీ ఒక్కటే నీళ్ళ పైన కనిపిస్తోంది.

మైదానాన్ని అంత పల్లంగా తవ్వించింది ఆవిడే. ఆ మాటకొస్తే ఊరు మొత్తం గీసిన ఆర్కిటెక్టూ ఆవిడే. ఊళ్ళో పడ్డ వాన గడ్డి కాలువల్లోంచి మైదానంలోకి చేరాలి, అక్కడే నిలిచి మెల్లగా నేలలోకి ఇంకాలి, దిగువనున్న కింద పేట మీద పడకూడదు. ఈ ఒక్క ముక్క ఒప్పించడానికి ఆవిడ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ప్లానమ్మ అన్న పేరు అప్పుడు ఎగతాళికి పెట్టిందే. “ఆడుకునే చోట ఈత నేర్పుతుందట,” అని నవ్వినవాళ్ళలో ఇంజనీరూ ఉన్నాడు. చివరికి ఆవిడే నెగ్గింది. ఎందుకైనా మంచిదని మైదానం చివర ఈ ఇనుప షట్టర్ మాత్రం పెట్టించారు. చక్రం తిప్పితే నీళ్ళన్నీ కాలువలో పడి నేరుగా కింద పేట వైపు పోతాయి.

“మైదానం పక్క వరుస ఇళ్ళలోకి నీళ్ళు దూరాయి మేడమ్. మాది రెండో వరుస. మా ఆవిడ ఫోను మీద ఫోను చేస్తోంది.”

“మేడ ఎక్కమనండి. కింద పేటలో ఎక్కడానికి మేడలు కూడా లేవు.”

బల్ల మీదున్న ఇంజనీరు ఫోను మోగింది. మున్సిపల్ ఛైర్మన్. ఇద్దరికీ వినపడేలా స్పీకర్ నొక్కాడు.

“ఇంకా షట్టర్ తియ్యలేదేంటయ్యా? నీరు పల్లమెరుగు అన్నారు. తీస్తే దాని దారిన అది పోతుంది.”

“ఆ పల్లంలో మనుషులున్నారు సార్,” అంది ప్లానమ్మ.

“మీ మనుషులున్నారని చెప్పండి. కింద పేటలో పుట్టానని ప్రతి మీటింగులో చెప్పుకున్నారుగా. ఇంజనీరూ, ఇంకో మాట లేదు, తియ్.”

లైను తెగిపోయింది. ఆవిడ మైదానం వైపు చూసింది. ఆ మాట కాదనకపోవడమే ఇంజనీరుకి ఒప్పుకోలులా తోచింది.

అంతలో ఆవిడ ఫోను మోగింది. గోడ వైపు తిరిగింది.

“చెప్పమ్మా... గుమ్మం దాటిందా? నాన్నని లేపగలవా? పక్కవాళ్ళని కేకెయ్, మంచంతో సహా ఎత్తుకి చేర్పించు... ఏడవకమ్మా... నాకు తెలీదా?... తెరవను. ఎవరు చెప్పినా తెరవను.”

ఇంజనీరుకి ఒళ్ళు మండిపోయింది.

“కంచే చేను మేసినట్టుంది మేడమ్. మమ్మల్ని ముంచి మీవాళ్ళని ఒడ్డున పడేసుకుంటున్నారు. మా ఇళ్ళల్లో మాత్రం మంచాన పడ్డవాళ్ళు లేరా?”

ఆవిడ పక్కకి జరిగింది.

“తిప్పండి. నేను అడ్డం రాను. ఒక్కసారి ఆ వెనక కిటికీలోంచి చూసి తిప్పండి.”

అతను విసురుగా వెళ్ళి చూశాడు. కింద పేట కాలువ కట్టతో సమానంగా పారుతోంది. ఒకామె పసిబిడ్డని ఇంటి రేకుల మీదున్న మనిషికి అందిస్తోంది. ఆ మనిషి ఒక చేత్తో రేకు పట్టుకుని, రెండో చెయ్యి చాచాడు. అందలేదు. మళ్ళీ చాచాడు. ఈ నీళ్ళు కూడా తోడైతే కట్ట నిలవదని ఇంజనీరుకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తిరిగొచ్చి చక్రం ముందు నిలబడ్డాడు. తర్వాత భార్యకి ఫోను చేశాడు.

“పిల్లల్ని తీసుకుని మేడెక్కు. సామాను పోతే పోనీ.”

ఛైర్మన్ మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఇక చేసేదేం లేదు, చూడటమే. ప్లానమ్మ కిటికీ ఊచ పట్టుకుని మైదానం మీంచి చూపు తిప్పలేదు. తనవాళ్ళు అటుంటే ఇటు చూస్తుందేమిటి అనుకున్నాడు ఇంజనీరు. పేరు పోతుందని బెంగ కాబోలు అని తనే సర్దిచెప్పుకున్నాడు. కడ్డీ కూడా మునిగింది. ఆవిడ ఫోను మోగలేదు. ఆవిడ చేసినా అవతల ఎత్తలేదు.

పొద్దు వాలుతుండగా వాన సన్నబడింది. కాసేపటికి కడ్డీ మళ్ళీ తేలింది. కబుర్లు ఒక్కొక్కటే వచ్చాయి. కింద పేట కట్ట తెగలేదు. మైదానం పక్క ఇళ్ళలో నడుం లోతు నీళ్ళు, మనుషులందరూ క్షేమం. అది విన్నాక ప్లానమ్మ నేల మీదే చతికిలబడి, కొంగులో మొహం దాచుకుంది.

ఇంజనీరు జీపు తాళాలు తీశాడు.

“నోటికొచ్చినట్టు అనేశాను, మనసులో పెట్టుకోకండి మేడమ్. పదండి, కింద పేటలో దింపుతాను. అమ్మగారు ఎదురుచూస్తుంటారు.”

“అటు కాదండీ,” అంటూ లేచింది ఆవిడ.

“మరెటు?”

“అమ్మావాళ్ళు పోయిన నెలే మైదానం పక్కకి మారారు.”