రెండు వేళ్ళ ఆసరా

"శనివారానికల్లా వచ్చేస్తానంటే నమ్మవేం?" అంటూ అత్తగారు నాలుగో జత మేజోళ్ళు చుట్టచుట్టి సంచి మూలకి తోసింది.

కోడలు మంచం అంచున కూర్చుని ఆ సంచినే చూస్తోంది. నాలుగు రోజులకి ఇన్ని బట్టలెందుకని అడగాలనుంది, నోరు రావడం లేదు. అత్తగారు ఎందుకు వెళ్తోందో తనకి తెలుసు మరి. నిన్న భోజనాల దగ్గర భర్త డాక్టరు రాసిచ్చిన చీటీ చదివి వినిపించాడు. పిల్లది తల్లిదండ్రుల నుంచి దిగే నరాల జబ్బట. ఎవరి వైపు నుంచి దిగిందో తేలాలంటే శుక్రవారం ఇద్దరికీ పరీక్ష చెయ్యాలట. తెల్లారేసరికి అత్తగారు కొడుకు చేత అటక మీది సంచి దింపించి, కూతురింటికి వెళ్ళొస్తానంది. జబ్బు కోడలి పుట్టింటిదని తేలే రోజున ఎదురుగా ఉండలేకేగా.

వంటింట్లోంచి లెక్క వినిపిస్తోంది. పదకొండేళ్ళ పిల్ల గట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, తాడు మీద నడిచేవాళ్ళలా ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి, ఇరవై దాకా లెక్కపెట్టుకుంటోంది.

"కిందికి చూడకే కొంగమ్మా, గోడ మీది మేకుని చూడు," అని నానమ్మ ఇక్కణ్ణుంచే కేకేసింది. "ఊగినప్పుడు గట్టు పట్టుకు వేలాడకు. మోకాళ్ళు వదులు చెయ్యి."

ఆ కిటుకులన్నీ ఆవిడవే. వ్యాయామాలు నేర్పడానికొచ్చే ఫిజియో అమ్మాయి నోరెళ్ళబెట్టి, ఇవన్నీ మీకెవరు చెప్పారండీ అని అడిగితే, ముసలితనం చెప్పింది తల్లీ అని నవ్వించింది. పిల్ల కళ్ళు మూసుకుని నిలబడాల్సిన వంతు వస్తే మాత్రం, వెనక గోడమూల, ముందు కుర్చీ ఉంటే తప్ప ఒప్పుకునేది కాదు. కన్నతల్లికే లేదు అంత ఓపిక.

మా వంశంలో ఇలాంటివి లేవు, మా నాన్న డెబ్బై ఏళ్ళొచ్చినా నిచ్చెన చివర ఒంటికాలి మీద నిలబడి గోడలకి రంగులేశాడు అని భర్త అన్నప్పుడల్లా కోడలు తల దించుకునేది. అత్తగారు ఏనాడూ కొడుక్కి వంత పాడలేదు. అంత మంచి మనిషి దగ్గర ఇంకా దాచడం కోడలి వల్ల కాలేదు.

"అత్తయ్యా, పెళ్ళి మాట్లాడటానికి మీరు మా ఇంటికొచ్చిన రోజు మా నాన్న కుర్చీలోంచి లేవలేదు, గుర్తుందా? మర్యాద తెలీని మనిషనుకుని ఉంటారు. లేస్తే కుంటి నడక బయటపడుతుందని మేమే లేవొద్దన్నాం. తెలిసే దాచాను."

అత్తగారి చేతులు సంచి మీద ఆగిపోయాయి.

"పద్నాలుగేళ్ళ నుంచీ మోస్తున్నావా దీన్ని?"

"రోజూ."

"పిచ్చిదానా. నీ తప్పేం లేదు. పిల్లకి నీ వల్ల రాలేదు."

కోడలికి ఏడుపు ఆగలేదు. నాలుగు తిట్టినా ఇంత బాధుండేది కాదు. అయితే వెళ్ళకండి, శుక్రవారం మీరు పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుంది అని బతిమాలింది.

అత్తగారు సంచి జిప్పు లాగింది. పిల్ల చేత రోజుకి రెండుసార్లు చేయించమంది, ఒక్కరోజు మానినా కాళ్ళు మరిచిపోతాయంది. రాత్రిళ్ళు నడవాలో లైటు ఆర్పొద్దంది. గుమ్మం దిగుతూ కోడలి భుజం మీద చెయ్యి వేసింది, బరువుగా.

శుక్రవారం డాక్టరు ఇద్దరి కాళ్ళకీ తీగలు అంటించి చూశాడు. కోడలి నరాలు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. వాళ్ళ నాన్న కుంటికీ దీనికీ సంబంధమే లేదన్నాడు. జబ్బు భర్త నరాల్లో ఉంది, ఇన్నాళ్ళూ పైకి తెలియనంత కొద్దిగా. అతను తన బూట్ల వంక చూస్తూ కూర్చుండిపోయాడు. కోడలికి గుండెల మీంచి బండ దించినట్టయింది, అలా అనిపించినందుకు ఆ వెంటనే సిగ్గేసింది. వరండాలోకి వచ్చి అత్తగారికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, నావి బాగున్నాయట. మీరన్నట్టే పిల్లకి నా వల్ల రాలేదట. రేపు దాన్ని బస్టాండుకి తీసుకొస్తాను. ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడుతోందో మీరే చూద్దురుగాని."

"సంతోషం తల్లీ," అంది అత్తగారు.

మరి ఎవరి వల్ల అని అడగకుండా ఫోన్ పెట్టేసిన అత్తగారు ఆ శనివారం రాలేదు, ఆ తర్వాత ఇంకెప్పుడూ రాలేదు.