చీమ తిరగని పెరడు

ఆషాఢ బహుళ తదియ, తెల్లవారింది మొదలు ముసురు. ఆ రోజుల్లో ముసురంటే ముసురే, ఇప్పటి చిటపటలు కాదు. బావినీళ్ల మీద రంగురంగుల తెట్టు, కిరసనాయిలులాంటి కంపు. కప్పపిల్లలు చచ్చి తేలుతున్నాయి. "మిగిలినవాటినైనా కాపాడు తమ్ముడూ!" అని తల్లికప్ప బావిగట్టు మీది ఎండ్రకాయ దగ్గర ఏడ్చింది.

ఎండ్రకాయ తన నీడనే నమ్మదు. ఊట వచ్చే దారి పట్టుకుని మెరకమీది నక్క ఇంటికి వెళ్లింది.

"ఏం పాతావు మామా?"

"చూసుకో అల్లుడూ! నా పెరట్లో చీమైనా తిరగదు, అంత శుభ్రం."

"వానాకాలంలో చీమ తిరగని నేలా?" ఎండ్రకాయ అక్కడే తవ్వింది. దాచిపెట్టమని లారీవాళ్లిచ్చిన కోడికి ఆశపడి నక్క పాతిన డీజిలు పీపా, చిల్లుపడి కనిపించింది.

అడవి నక్కను తరిమేసింది. నక్క ఉన్న గుహ పొరుగు ముళ్లపందికి వచ్చింది, బావి తల్లికప్పకు. పిల్లలకు ఏమీ రాలేదు. పుచ్చుకోవడానికి ఒక్క పిల్లా మిగల్లేదు.