రెండు వీధుల హాలు

కింది వీధి వాళ్లను సాదరంగా కలుపుకుపోవాలని పైవీధి కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సమావేశానికి కింది వీధి వాళ్లను పిలవాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

తట్టించింది మునిసిపల్ ఆఫీసరు. మూతపడ్డ పాత పోస్టాఫీసును అందరి హాలుగా వాడుకోమన్నాడు. కాకపోతే రెండు వీధుల వాళ్లూ కలిసి నడపాలి. నెలాఖరులోగా ఒప్పందం మీద రెండు వైపులా సంతకాలు పడాలి. లేదంటే అది గోడౌనైపోతుంది.

కమిటీ అధ్యక్షుడికి గుండెల్లో రాయి పడింది. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరై మూడేళ్లయింది. అప్పట్నుంచి ఇంట్లో ఆయన మాట వినే నాథుడు లేడు. హాలంటూ ఉంటే మైకు ఉంటుంది.

"వాళ్ల భాష వేరైనా మన మాట అర్థమవుతుంది. మాట్లాడ్డానికే నోరు తిరగదు," అన్నాడు కమిటీతో.

ఆ సంగతి ఆయనకెలా తెలుసని ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్లలో ఆయన కింది వీధిలో అడుగుపెట్టింది ఒక్కసారే. అదీ తప్పిపోయిన కుక్కపిల్ల కోసం.

దుబాసీ కావాల్సి వచ్చింది. ఎవరో కండక్టరు సంగతి చెప్పారు. పైవీధి చివరింట్లో ఉంటాడు. రిటైరయ్యాక సాయంత్రాలు బస్టాపు బెంచీ మీదే గడుపుతాడు. బస్సెక్కడానికి కాదు, నలుగురి మొహాలు చూడ్డానికి.

"నీకు కింది వీధి భాష వచ్చా?" అడిగాడు అధ్యక్షుడు.

"ముప్పై ఏళ్లు ఆ రూట్లోనే టికెట్లు కొట్టానండీ."

అధ్యక్షుడికి అది చాలింది.

మొదటి సమావేశానికి కింది వీధి నుంచి పదిమంది ఆడవాళ్లు వచ్చారు. ముందు కూర్చున్నావిడ బట్టలు కుడుతుంది. అందరూ పెద్దమ్మ అంటారు. హాల్లో కుట్టుమిషన్లు పెట్టుకోవాలని వాళ్ల కోరిక. చప్పుడు లేకుండా పేపరు చదువుకోవాలని పైవీధి వాళ్ల కోరిక.

అధ్యక్షుడు అరగంట స్వాగతం పలికాడు. "మీరు మా అతిథులు," అని ఎనిమిదిసార్లు అన్నాడు.

పెద్దమ్మ లేచింది. చేతులు తిప్పుతూ, పాత స్టాంపుల కౌంటరు మీద చరుస్తూ, ఐదు నిమిషాలు ఏకబిగిన మాట్లాడింది.

కండక్టరు శ్రద్ధగా విని గొంతు సవరించుకున్నాడు. "మిషన్లు పొద్దున పూటే తొక్కుకుంటారటండీ. సాయంత్రాలు పేపర్లకు అడ్డం రారట."

"అంతేనా? అంతసేపు మాట్లాడిందే."

"ఆ భాష తీరే అంతండీ. కాస్త సాగుతుంది."

పెద్దమ్మ కండక్టరు వైపు నోరు తెరుచుకుని చూసింది. ఆయన కళ్లు దించలేదు. ఆవిడ పక్కావిడతో ఏదో గొణిగి కూర్చుంది.

వాతావరణం స్నేహపూరితంగా ఉందని అధ్యక్షుడు మినిట్స్ పుస్తకంలో రాయించాడు.

రెండో సమావేశంలో తాళంచెవి దగ్గర పేచీ వచ్చింది.

"తాళంచెవి నా దగ్గరే ఉంటుంది," అన్నాడు అధ్యక్షుడు. "మీ మీద నమ్మకం లేక కాదు. పద్ధతి కాబట్టి."

పెద్దమ్మ కూర్చునే రెండు ముక్కలు అంది. వెనకున్న ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఇంత పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చి తాళం తీయడమేంటి, మా మొహాలకు సిగ్గుచేటు కాదా అంటోందండీ," అన్నాడు కండక్టరు. "ఒక వారం మేం తీస్తాం, ఇంకో వారం మీ మనిషి తీస్తాడు, సారు తీరిగ్గా వచ్చి ఫ్యాను కింద కూర్చుంటే చాలు అంటోంది."

"రెండు ముక్కల్లో ఇంతుందా?"

"గొప్ప భాషండీ."

అధ్యక్షుడు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. మర్యాద తెలిసిన మనుషులని అక్కడికక్కడే సర్టిఫికెట్ ఇచ్చి, రెండో తాళంచెవి చేయించడానికి ఒప్పుకున్నాడు.

పెద్దమ్మ ఈసారి కండక్టరును చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. పెన్ను అడిగి పుచ్చుకుని సంతకం పెట్టేసింది.

హాలు నడిచింది. పొద్దున మిషన్లు, సాయంత్రం పేపర్లు. పైవీధి పెద్దమనుషులు నడుం వదులైన ప్యాంట్లు పట్టుకుని పేపరు టైముదాకా ఆగకుండా పొద్దున్నే మిషన్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పైవీధి కోడళ్లు తమ అత్తల గొడవలు కింది వీధి అత్తలకు చెప్పుకుని మనసు తేలిక చేసుకున్నారు. బస్టాపు బెంచీ ఖాళీ అయిపోయింది.

ఏడాది తిరిగింది. భిన్న భాషల మధ్య వారధి కట్టినందుకు అధ్యక్షుడు తనకు తానే సన్మానం ఏర్పాటు చేసుకున్నాడు. ఆఫీసరును పిలిచాడు.

ఆఫీసరు శాలువా కప్పేసి మైకు దగ్గరికి వచ్చాడు. వాళ్లమ్మది కింది వీధి భాషేనట. అందుకే ఈ హాలంటే అంత పట్టింపట. అసలు మెచ్చుకోవాల్సింది దుబాసీనంటూ కండక్టరును తన పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి, వాళ్లమ్మ భాషలో ఆప్యాయంగా ఏదో అడిగాడు.

కండక్టరు నేల చూపులు చూస్తున్నాడు.

"చెప్పవయ్యా, అడుగుతున్నారుగా," అన్నాడు అధ్యక్షుడు, శాలువా సర్దుకుంటూ.

పెద్దమ్మ లేచి నిలబడి, తేటగా, తడుముకోకుండా, పైవీధి భాషలో అంది: "ఆయన్ని ఇబ్బంది పెట్టకండి బాబూ, ఆయనకి మా భాష ఒక్క ముక్క కూడా రాదు."