నాలుగో గుటక

ఒకే గాజుతొట్టిలో మూడు కొరమీన్లను వేస్తే ఒకదాన్నొకటి తినేసి తెల్లారేసరికి ఒక్కటే మిగులుతుందని జువ్వలదిన్నె జాలర్లంతా హెబ్రోను అయ్యవారిని ఎగతాళి చేశారు. ఆయన వాటి మధ్య బంగళాపెంకులు అడ్డుపెట్టి, దేని కప్పలు దానికే వేశాడు. నలభయ్యో రాత్రి లాంతరు ఆర్పి, చెవులు రిక్కించాడు. కొరమీను గాలి కోసం పైకొచ్చి గుటక వేస్తుంది. పెంకుల మధ్య ఒక్కో అర నుంచి ఒక్కో గుటక వినిపించింది. ఒకటి. రెండు. మూడు.

"మూడూ ఉండాయే! గెలిచినా!" అని భార్య రెబెక్కమ్మను లేపాడు.

అప్పుడే నాలుగో గుటక వినిపించింది. తొట్టిలోంచి కాదు. మూసిన తలుపు అవతల నుంచి, సరిగ్గా మనిషి నోరుండే ఎత్తులో.

"తలుపు తియ్యబాకండి," అంది రెబెక్కమ్మ.

"మూడింటిని కలిపి పెంచినోడికి నాలుగోది ఒక లెక్కా!" అని నవ్వుతూ హెబ్రోను గడియ తీశాడు.