గంటల చప్పుడు

హైదరాబాద్ పాతబస్తీలో యాత్రికులకిచ్చే కళ్లద్దాలు పెట్టుకుంటే నాలుగు వందల ఏళ్ల నాటి వీధులే కనిపిస్తాయి. ఇప్పటి మనుషులు, వాళ్ల సామాన్లు కనిపించవు. ఆ ఖాళీ వీధిలో నడుస్తుంటే నలువైపులా గంటలు మోగాయి.

"అప్పట్లో గుర్రాలకు కట్టేవారేమోనండీ, ఈ చప్పుడు ఎంత బాగా పెట్టారో!" అని మా ఆయనతో మురిసిపోయాను.

కాలి కింద ఏవో పటపట విరిగాయి.

"కండ్లద్దాలు తియ్యమ్మా జర! ఎండవెట్టిన వడియాలు తొక్కుతున్నవ్."

తీశాను. ఎదురుగా గడప ముందు ఒక ముసలామె. ఆమె మెడలో గంట. వీధిలో అందరి మెడల్లోనూ గంటలే.

"ఇవెందుకమ్మా?"

ఆమె విరిగిన వడియాలు ఏరుకుంటూ అంది: "మేం మీకు కనవడం గదా, మీద వడ్తరని కట్టుకున్నం. ఇనవడలేదా?"