పాటకెంతసేపు

"ఒక్క పాటకి ఇంతసేపా?" అరుగు మీంచి కేకేశాడు రామచంద్రమూర్తి. "సాయంత్రమే ఊరేగింపు. పత్తి మిల్లు కూలీలంతా నీ పాట కోసమే కాచుక్కూర్చున్నారు!"

సీతారత్నం పొయ్యిలో పుల్ల ఎగదోసింది. పల్లవి ఎత్తుకోగానే సంఘం వాళ్ళకు కాఫీలన్నాడు. కాఫీలయ్యాక భోజనాలన్నాడు. ఇప్పుడు పాటేదంటున్నాడు.

మసిచేత్తోనే కాగితం తెచ్చి మొగుడి ఒళ్ళోకి విసిరింది.

"అయినంతవరకూ పాడుకోండి."

అతను గొంతు సవరించుకున్నాడు. మిల్లు కూలీ బుడాన్ డప్పు అందుకున్నాడు.

"ఎనిమిది గంటలే మా పని, ఆపై పొద్దంతా మాదేనని... శభాష్! తరవాతేదీ?"

"అన్నం పొంగింది. లేచాను."

బుడాన్ డప్పు దించాడు. "అక్కా, పొద్దున ఎప్పుడు లేచావు?"

"కోడి కుయ్యకముందు."

రామచంద్రమూర్తి మళ్ళీ ఆ పాట ఎత్తుకోబోయాడు. 'ఎనిమిది గంటలే' దగ్గరే ఆగిపోయాడు.

సీతారత్నం గరిటె అతని చేతిలో పెట్టింది. కాగితం లాక్కుని, అరుగు మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"పాటకెంతసేపు పడుతుందో నాకూ తెలీదండీ. ఎప్పుడన్నా కుదురుగా రాయనిస్తేగా తెలిసేది! పోయి గంజి వార్చండి, అన్నం చిమిడిపోతోంది. బుడాన్ తమ్ముడూ, దరువెయ్యి!"