తీర్థంలా పంచిన మందు

కొండమ్మ వీపు మీది కురుపుకు పెన్సిలిన్ పనిచేయకుండా పోయింది 1961లో ఒక మంగళవారం. ఆ రాత్రి పెనుకొండలోని చిన్న దవాఖానాలో ఆమెకు కాపలా భర్త కదిరప్పే. అక్కడ కాంపౌండరూ అతడే. ఎవరూ ఉత్తచేతులతో పోకూడదని ఒకరికి సరిపోయే పెన్సిలిన్ సీసాలో నీళ్లు కలిపి పదిమందికి తీర్థంలా పంచి సూది వేసేవాడు. ఇంటిదానికి ఎక్కువ వేస్తే జనం నవ్వుతారని ఆమెకూ అంతే వేశాడు.

పక్కగదిలో గాజుపళ్లెం ఉంది. కొండమ్మ చీములోని క్రిములను డాక్టరు అందులో పెంచి, నడుమ పెన్సిలిన్ బిళ్ల పెట్టాడు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ వలయం రావాలి. కదిరప్ప లాంతరు ఎత్తాడు. వలయం లేదు. క్రిములు తెల్లటి పొరలా పెరిగి బిళ్లను ఆనుకుని ఉన్నాయి.

"డాక్టరు ఏం చెప్పినాడయ్యా?" అంది కొండమ్మ మంచం మీదనుంచి.

"అరకొర మందుకు చావనివి పిల్లల్ని పెట్టినాయంట. మందును విరిచే విద్య ఆ పిల్లలకు పుట్టుకతోనే వస్తాదంట. అరగంటకొక తరమంట."

"మన పిల్లోనికి నాలుగేండ్లు బడికి పోయినా రెండో ఎక్కం రాలేదే. వాటికైతే నువ్వు బాగానే బడి పెట్టినావు."

కదిరప్ప నవ్వాడు. ఆమె ఒళ్లు కాలిపోతోంది. బయట కుక్కలు కూడా మొరగడం లేదు. మళ్లీ వెళ్లి పళ్లెం చూశాడు. ఈసారి క్రిములు బిళ్ల మీదికి ఎక్కి ఉన్నాయి.

తెల్లవారితే కొండమ్మకు ఏ మందు వేయాలో ఇంకా తేలలేదు.